కొత్తవాడికి పీట: అవధానంలో, ముషాయిరాలో

దత్తపది అడగడానికి మొదటిసారి వేదికెక్కిన కుర్రాడు ‘ఇడ్లీ, వడ, దోశ, పూరి’ అని నాలుగు మాటలిచ్చి భారతార్థంలో పద్యం చెప్పమంటాడు. (ఈ టిఫిన్లు అవధానాల్లో ఎన్నిసార్లు వడ్డించారో లెక్కలేదు. కొత్తవాళ్లకు మాత్రం ప్రతిసారీ కొత్తే.) సభ నవ్వుతుంది. అవధాని ‘వడలిన మోము’లో వడను దాచేస్తాడు, ‘శంఖము పూరించి’లో పూరిని కలిపేస్తాడు. చప్పట్లు అవధానికే అయినా కుర్రాడికీ కొంత వాటా ముడుతుంది. ఇక్కడ కొత్తవాడిది ప్రశ్న, చెమటలు పట్టేది పెద్దాయనకు. సమస్య ఇచ్చేవాడు తన పూరణ ఒకటి జేబులో పెట్టుకుని రావాలన్న మర్యాద ఒకటుంది. అది తప్ప అతన్ని నిలదీసేదేమీ లేదు. యతి తప్పిన సమస్య ఇచ్చినా అవధాని దాన్ని చల్లగా సరిచేసి, ఒక ఛలోక్తి విసిరి ముందుకు సాగుతాడు.

ఉర్దూ కవిసభ అయిన ముషాయిరాలో దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ కొత్తవాడే ముందు గొంతు విప్పాలి. సభ ఇంకా సర్దుకుంటూ ఉంటుంది, పాన్‌దాన్లు చేతులు మారుతుంటాయి, పెద్దలు కొందరు రానేలేదు. వెనకటి రోజుల్లో ఎవరి ముందు షమా పెడితే వారు చదవాలి. ఆ దీపం పిన్నల దగ్గర బయలుదేరి పెద్దల దగ్గర ఆగేది. మీర్జా ఫర్హతుల్లా బేగ్ హైదరాబాదులో ఉద్యోగం చేసిన రచయిత. చివరి మొగల్ పాదుషా నాటి ఢిల్లీ ముషాయిరాను కళ్లకు కట్టినట్టు ఊహించి రాశాడు. అందులో దీపం నడిచే దారి చూస్తే చాలు, ఎవరి స్థానం ఏమిటో తెలిసిపోతుంది. ఇప్పుడు షమా పోయి మైకు వచ్చింది, వరస మాత్రం మారలేదు. సభాధ్యక్షుడైన సదర్ చదివేది అందరికన్నా చివర.

పైకి చూస్తే అవధానం ఉదారం, ముషాయిరా కఠినం. కొంచెం నిదానించి చూస్తే లెక్క అంత తేలిక కాదు. అవధానంలో ప్రశ్న ఇచ్చే పృచ్ఛకుడి పేరు ఒకసారి వినిపిస్తుంది, పద్యం అవధానిదై పోతుంది. ముషాయిరాలోనైతే నిన్న మొన్న కలం పట్టినవాడు కూడా గజల్ చివరి షేర్‌లో (ద్విపదలో) తన తఖల్లుస్ (కలంపేరు) పెట్టుకుని సొంత పేరుతో నిలబడతాడు. హూటింగ్ జరిగితే ఆ అవమానమూ సొంతమే, నిజమే. దాద్ (సభ మెప్పు) దొరికితే మాత్రం దానికి ఎదురులేదు. లాహోరులో చదువుకునే రోజుల్లో ఇక్బాల్ ఒక ముషాయిరాలో గజల్ చదువుతుంటే ఒక షేర్ దగ్గర మీర్జా అర్షద్ గుర్గానీ అంతటి పెద్ద షాయర్ ఉండబట్టలేక మెచ్చుకున్నాడని చెబుతారు. ఇటువంటి క్షణాన్ని అష్టావధానం కొత్తవాడికి ఇవ్వలేదు. శతావధానానికి వంద మంది పృచ్ఛకులు కావాలి కనుక తలుపు ఇంకాస్త తెరుచుకుంటుంది. అష్టావధానంలో ఎనిమిది కుర్చీలూ చాలా ఊళ్లలో ఆ ఎనిమిది మందికే అలవాటైపోయాయి.

సమస్యకూ, ఇచ్చిన పాదం మీద గజళ్లు చదివే తరహీ ముషాయిరాకూ ఉన్న చుట్టరికం మరీ దగ్గరిది. ఇక్కడ పద్యపాదం ఒకటి ఇస్తారు, అక్కడ మిస్రా ఒకటి ఇస్తారు. ఇక్కడ ఛందస్సు, ప్రాస బిగిసిపోతాయి, అలాగే అక్కడ బహర్ (ఛందం), కాఫియా (అంత్యప్రాస), రదీఫ్ (దాని తర్వాత మళ్లీ మళ్లీ వచ్చే మాట) బిగిసిపోతాయి. తేడా అల్లా కాలంలో ఉంది. సమస్యను అవధాని ఒక్కడే అప్పటికప్పుడు పూరించాలి. తరహ్ మిస్రాను ముందే ప్రకటిస్తారు, ఎవరి గజల్ వాళ్లు ఇంటి దగ్గర రాసుకుని వస్తారు. ఆశువులో మెరుపు ఉంది, తరహ్‌లో సమానత్వం ఉంది. ఉస్తాదూ, నిన్న చేరిన శాగిర్దూ (శిష్యుడూ) ఒకే నేలను దున్నుకు వస్తారు, ఎవరి పంట ఎంతో సభ చూస్తుంది.

ఎప్పుడో ఏడాదికొకసారి వచ్చి కూర్చునే శ్రోత సంగతి ఇంకా ఆసక్తికరం. నిషిద్ధాక్షరిలో ఒక్కో అక్షరానికీ అడ్డు పడుతుంటే ఆ రుచి గణాలు తెలిసినవాడిదే. పద్యాలు పాదం పాదంగా నాలుగు ఆవృత్తాల్లో సాగుతాయి, మధ్యలో వచ్చినవాడికి పోగు దొరకదు. అతనికి దక్కేది చివరి ధారణ. చెదిరిన పాదాలన్నీ పద్యాలై ఒక్కసారి నడిచొస్తాయి, ఆలస్యంగా వచ్చినవాడూ మొత్తం వింటాడు. ముషాయిరాలో అంతసేపు ఆగక్కర్లేదు. షాయర్ మొదటి మిస్రా చదవగానే సభ దాన్ని అందుకుని తిరిగి అంటుంది. రెండు మూడు షేర్లు గడిచేసరికి రదీఫ్ అందరి నాలుకల మీదికి వచ్చేస్తుంది, ఉర్దూ అంతంత మాత్రం వచ్చినవాడు కూడా షాయర్‌తో పాటే ఆ మాట పలుకుతాడు. వినేవాడికి పని కల్పించడంలో ముషాయిరాది పైచెయ్యి అని ఒప్పుకోవాలి. గుట్టుగా పోగుచేసి ఒక్కసారి చేతిలో పెట్టడంలో అవధానానికి సాటి లేదు.

హాస్యం దగ్గర రెండూ ఒక్కటవుతాయి. అప్రస్తుత ప్రసంగం అవధాని ధ్యాస చెడగొట్టడానికే అంటారు కానీ నాకు అది ఛందస్సు చదువుకోనివాడి కోసం తీసి పెట్టిన కిటికీలా కనిపిస్తుంది. తెల్లవార్లూ సాగే ముషాయిరాలో మజాహియా (హాస్య) షాయర్ చేసే పనీ అదే. 1962లో పుట్టిన జిందాదిలాన్-ఎ-హైదరాబాద్ సభల్లో హిమాయతుల్లా వంటి వాళ్లు దఖనీలో నవ్వించినప్పుడు గాలిబ్‌ను ఎన్నడూ చదవనివాడు కూడా ముందు వరసలోకి జరిగాడు. రెండు చోట్లా పండితులు ఈ భాగాన్ని కొంచెం చిన్నచూపు చూడడం కూడా ఒక పోలికే.

అయినా పీట వేసి కూర్చోబెట్టడం వేరు, పని నేర్పడం వేరు. బందరు హైస్కూలులో చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి శిష్యులైన విశ్వనాథ, పింగళి, కాటూరి ఎంత దూరం వెళ్లారో మనకు తెలుసు. అలాగే ఆరో నిజాముకు ఉస్తాదుగా హైదరాబాదులో ఉన్న దాగ్ దెహ్లవీకి ఎక్కడెక్కడి నుంచో గజళ్లు టపాలో వచ్చేవి. వాటి ఇస్లాహ్ (దిద్దుబాటు) కోసం ఆయన ఏకంగా సిబ్బందినే పెట్టుకోవలసి వచ్చింది. ఇక్బాల్ అలా పంపినవాడే. కొన్నాళ్లకే, నీ గజళ్లలో దిద్దవలసింది పెద్దగా లేదని దాగ్ చెప్పేశాడు. తెలుగులో ఆకాశవాణి సమస్యాపూరణం చాలా కాలం ఇలాంటి టపాతోనే నడిచింది. ఉత్తరాల్లో వచ్చిన పూరణల్లో కొన్ని చదివేవారు, మిగిలిన వారి పేర్లు, ఊళ్లు చెప్పేవారు. పల్లెటూరి బడిపంతులుకు రేడియోలో తన పేరు వినపడడం చిన్న సన్మానమేమీ కాదు. చదవని పూరణలో గణం ఎక్కడ తప్పిందో చెప్పడానికి ఆ కాసేపటిలో వ్యవధి ఉండేది కాదు. దాగ్ దఫ్తరులో జరిగింది ఆ దిద్దే పనే. ఇవాళ ఊరూరా తిరిగే పెద్ద ముషాయిరాల్లోనూ ఆ పని చేసే దఫ్తరు ఎక్కడా కనపడదు.