నల్లా కింద ఇరవై నిమిషాలు

మా నాన్న మైనింగ్ సర్దార్. బొగ్గుబాయిలో సర్దార్ కావాలంటే గ్యాసు చూడటం, పైకప్పు తట్టి చూడటం వస్తే చాలదు, ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ కూడా ఉండాలి. నస్పూర్‌లో మా క్వార్టర్ ముందుగదిలో దేవుడి పటాల పక్కనే ఆ సర్టిఫికెట్ అద్దం ఫ్రేములో వేలాడేది. విరిగిన కాలికి బద్దలు కట్టడం, దెబ్బ తిన్న మనిషిని కదలకుండా స్ట్రెచర్ మీదికి ఎక్కించడం ఆయనకు కొట్టిన పిండి. అయితే అమ్మ చెయ్యి కాలిన పొద్దున మాత్రం ఆయన బాత్రూంలోకి ఉరికి టూత్‌పేస్టు పట్టుకొచ్చాడు.

మొదటి షిఫ్టు ఏడింటికి. ఆలోపు సద్ది కట్టాలంటే అమ్మ నాలుగున్నరకే లేవాలి. పప్పుకు పోపు పెడుతుంటే మూకుడు ఒరిగి మణికట్టు మీద నూనె పడింది. అమ్మ చెయ్యి బకెట్లో పెట్టబోయింది. గోడ అవతల నుంచి పెద్దమ్మ కేకేసింది: “నీళ్ళు తాకియ్యకే, బొబ్బలెక్కుతయి!” అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. నాన్న పేస్టు పూశాడు. పెద్దమ్మ వచ్చి అది తుడిచి దోసెపిండి పెట్టింది. కొంగు చేతికి చుట్టుకుని అమ్మ మళ్ళీ పోపు పెట్టింది. నాన్న సద్దిగిన్నె తీసుకుని షిఫ్టుకు పోయాడు. మధ్యాహ్నానికి బొబ్బ రానే వచ్చింది. అమ్మ పోయేదాకా ఆ చేతి మీద రూపాయి బిళ్ళంత మచ్చ ఉండేది.

నీళ్ళు తాకితే బొబ్బలొస్తాయన్న ఆ మాట నేను ఎన్ని వంటిళ్ళలో విన్నానో లెక్క లేదు. కాలిన చోట నీళ్ళు పోసిన గంటకో రెండు గంటలకో బొబ్బ తేలుతుంది, నింద నీళ్ళ మీద పడుతుంది. నిజానికి వేడికి చర్మం కింది సన్నని రక్తనాళాలు దెబ్బతిని, వాటిలోంచి కారిన ద్రవం పైపొరను లేపుతుంది. అదే బొబ్బ. నీళ్ళు పోసినా పోయకపోయినా లేవాల్సింది లేస్తుంది. వెంటనే పోస్తే తక్కువగా లేస్తుంది, లోతుకు పోదు.

పొయ్యి కట్టేశాక కూడా కుక్కర్లో పప్పు కాసేపు ఉడుకుతూనే ఉంటుంది కదా. చర్మమూ అంతే. నూనె తుడిచేసినా లోపలి పొరల్లో వేడి దిగుతూనే ఉంటుంది. ఆ సమయంలో పేస్టో పిండో నూనో పూయడమంటే ఉడికే గిన్నె మీద మూత పెట్టడమే. పేస్టు పూస్తే చల్లగా అనిపించేది అందులోని పుదీనా సత్తు వల్ల. అది నాలుకను మోసం చేసినట్టే చర్మాన్నీ మోసం చేస్తుంది, వేడిని మాత్రం బయటికి లాగదు.

వేడిని లాగేది పారే నీరు. ఐస్‌లాండ్ వైద్యుడు ఓఫైగర్ ఓఫైగ్సన్ 1950లు, 60ల్లో దీని మీద ప్రయోగాలు చేసి వైద్య పత్రికల్లో రాశాడు. నేలలోంచి మరిగే నీళ్ళు ఎగజిమ్మే దేశంలో కూర్చుని చల్లటి నీళ్ళ గురించి ఆలోచించడం నాకెందుకో ముచ్చటగా అనిపిస్తుంది. ఇప్పుడు చాలా దేశాల వైద్యులు చెప్పేది ఒకటే: కాలిన చెయ్యిని నల్లా కింద ఇరవై నిమిషాలు ఉంచాలి. కాలిన వెంటనే పెడితే అన్నిటికన్నా మేలు, మూడు గంటల లోపు పెట్టినా కొంత ఫలితం ఉంటుంది. ఐసు మాత్రం వద్దు. కాలిన చర్మానికి రక్తం అందడమే కష్టం, ఐసు ఆ నాళాలను ఇంకా బిగిస్తుంది.

ఇక మా ఊరి సంగతి. మే నెలలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలకు పోతుంది. మిట్టమధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్ళతో చాయ్ పెట్టుకోవచ్చు, నేనేమీ పెంచి చెప్పడం లేదు. ఆ నీళ్ళ కింద కాలిన చెయ్యి పెడితే ఏం లాభం? అందుకే ఎండాకాలంలో మా ఇంట్లో చల్లటి నీళ్ళ మట్టి రంజన్ ఒకటి వంటింటి పక్కనే ఉంటుంది. చెంబుతో ఆ నీళ్ళు సన్నగా పోస్తూ, కింద పెట్టిన బేసినులో పడ్డ నీళ్ళు వెచ్చబడగానే పారబోస్తూ ఉంటే సరి. నల్లా వచ్చే వేళ కాకపోయినా ఇదే దారి.

నీళ్ళ కింద చెయ్యి పెట్టేటప్పుడే గాజులు, ఉంగరాలు తీసెయ్యాలి. గంటలో చెయ్యి వాస్తుంది, అప్పుడవి దిగవు, వేలికి రక్తం ఆగిపోతుంది. చెప్పినంత సులువు కాదిది. మా దగ్గర ముత్తయిదువ చేతి గాజు తీయమంటే ఇల్లంతా ఉలిక్కిపడుతుంది. అమ్మ ఆ రోజు తీయలేదు, సాయంత్రానికి మట్టిగాజు వాపులో ఇరుక్కుంటే పగలగొట్టాల్సి వచ్చింది. గాజు పగలడం కంటే తీసి గూట్లో పెట్టుకోవడమే శుభం కదా అని ఇప్పుడు నేను వాదిస్తాను. రెండో చేతికి గాజులు ఉండనే ఉన్నాయంటే పెద్దవాళ్ళు కొంత మెత్తబడతారు.

కాలిన చోట పూసే మందుల్లో చాలా వాటికి ఎందుకో పసుపు రంగే. మా నానమ్మ పసుపు అద్దేది. నానమ్మ కాలానికి ముందు ఆస్పత్రుల్లో పిక్రిక్ ఆమ్లం తడిపిన గుడ్డ వాడేవాళ్ళు. అదీ పసుపే, పైగా ఫిరంగి గుండ్లలో నింపిన పేలుడు పదార్థం. రాళ్ళు పేల్చి బతికే మా ఊళ్ళో ఈ సంగతి చెబితే అందరూ నవ్వుతారు. ఆ తర్వాత ప్రతి ఇంటి అలమారులోకీ బర్నాల్ వచ్చింది, అమినాక్రిన్ అనే రంగుద్రవ్యం వల్ల అదీ పసుపే. పూసిన చోటు కనబడుతుంది, ఏదో చేశామన్న తృప్తి మిగులుతుంది. నీళ్ళకు ఆ రంగు లేదు, అందుకేనేమో మందుగా లెక్కలోకి రాలేదు.

నానమ్మ ఇంకో మందు చేసేది. సున్నపు తేటలో కొబ్బరినూనె కలిపి వెన్నలా గిలకొట్టేది. సున్నపు తేట, అవిసె నూనె కలిపిన ఇలాంటి మందునే స్కాట్లాండ్‌లోని కారన్ ఇనుము కర్మాగారంలో కాలిన కార్మికులకు పూసేవాళ్ళట, దానికి కారన్ ఆయిల్ అనే పేరే పడింది. ఎక్కడి కారన్, ఎక్కడి నస్పూర్! నిప్పు దగ్గర బతికేవాళ్ళకు తోచే ఉపాయాలు ఒకటే అయినట్టున్నాయి, పొరపాట్లూ ఒకటే.

కాలిన గాయాలన్నీ ఒకటి కావు. గంజి వంపుతుంటే మీద పడితే అది అంటుకుని వేడిని వదలదు, కాబట్టి కడిగి కడిగి వదిలించాలి. కుక్కర్ ఆవిరి మరీ దొంగది. ఒక గ్రాము ఆవిరి చర్మం మీద నీరుగా మారేటప్పుడే 540 కేలరీల వేడి వదులుతుంది, అదే మరిగే నీళ్ళు ఒంటి వేడికి చల్లారేటప్పుడు వదిలేది 63 మాత్రమే. కాబట్టి ‘ఉత్త ఆవిరే’ అని తీసిపారెయ్యకూడదు. చల్లార్చాక బొబ్బను చిదమకుండా, ఉతికిన నూలుగుడ్డ వదులుగా కప్పాలి. చెయ్యయితే కొత్త పాలిథిన్ కవర్ తొడిగినా పనికొస్తుంది. కాలిన మనిషి అరచేతికి మించి కాలినా, ముఖమో కీలో కాలినా, చర్మం తెల్లగానో నల్లగానో మారి నొప్పే తెలియకపోయినా ఇంటి వైద్యం ఆపి ఆస్పత్రికి పోవాలి. పసిపిల్లలు, ముసలివాళ్ళు, షుగరున్నవాళ్ళ విషయంలో చిన్న గాయమైనా అంతే. నొప్పి లేదంటే సంతోషించేవాళ్ళను చూశాను. అసలు భయపడాల్సింది అప్పుడే.

ఇవన్నీ చెప్పడం తేలికే, అసలు కష్టం ఆ ఇరవై నిమిషాలు. 1955 నాటి మైన్స్ రూల్స్ ప్రకారం గనిలో ప్రథమ చికిత్స సామాను, అది వాడటం తెలిసిన మనుషులు ఉండి తీరాలి. సింగరేణి గనుల్లో ఫస్ట్ ఎయిడ్ పోటీలు కూడా పెడతారు, గెలిచినవాళ్ళకు కప్పులిస్తారు. రోజూ మూడు పూటలా మంట ముందు నిలబడే మనిషిని మాత్రం ఏ సర్టిఫికెట్టూ ఎవరూ అడగలేదు. అడగకపోతే మానె, పొయ్యి మీద అన్నం, చేతిలో గరిటె, గడియారంలో షిఫ్టు టైము ఉన్న ఆడమనిషికి ఇరవై నిమిషాలు ఊరికే నిలబడే వీలు ఇంట్లో ఎవరిస్తారు? అమ్మకు తెలియక కాదు, ఆమె చెయ్యి ముందు బకెట్ వైపే పోయింది. పెద్దమ్మ కేకెయ్యకపోయినా రెండు నిమిషాల్లో తీసేసేదే. నాన్న ఆ రోజు చేయాల్సిన ప్రథమ చికిత్స పోపు తాను పెట్టుకోవడం.

మొన్న మా కోడలికి కుక్కర్ ఆవిరి తగిలింది. “ఏం కాలేదత్తమ్మా” అంటూ మళ్ళీ పొయ్యి దగ్గరికే పోబోతే మా అబ్బాయి గ్యాసు కట్టేశాడు. నేను గాజులు తీసి ఆమె చెయ్యి నల్లా కింద పెట్టించాను. నాన్న ముందుగదిలోంచి కర్ర పోటేసుకుంటూ వచ్చి, కుర్చీ లాక్కుని, పాత వాచీ కళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి కోడలు మెల్లగా చెయ్యి తీయబోయింది.

“ఉండు బిడ్డా, ఇంకా ఏడు నిమిషాలున్నయి” అన్నాడు.

“అన్నం, తాతా?”

“హోటల్ల తింటడు తియ్.”