కినుక వేరు, అలుక వేరు

కినుక, అలుక అనే రెండు మాటలకూ మన నిఘంటువులు ‘కోపము’ అని ఒకే అర్థం చెప్పి ఊరుకుంటాయి. ఆ అర్థం తప్పు కాదు గాని చాలదు. దాన్ని నమ్ముకొని ఇప్పటి రచయితలు కొందరు మగనిపై ముఖం తిప్పుకున్న ఇల్లాలికీ, శత్రువుపై కత్తి దూసిన వీరుడికీ ఒకే మాట వాడుతున్నారు.

అలుకలో చనువుంది. అలిగేవారికి బతిమాలేవారు ఉండాలి. నంది తిమ్మన ‘పారిజాతాపహరణము’లో సత్యభామది అలుక, కృష్ణుడు వచ్చి తీర్చవలసిందే. పెళ్ళిలో అల్లుడు ఎక్కేది అలకపాన్పు. దాన్ని ‘కినుకపాన్పు’ అని చూడండి, నవ్వు వస్తుంది.

పాత కావ్యాల్లో కినిసేవారు యుద్ధంలో వీరులు, శాపమిచ్చే మునులు. అది బుజ్జగింపు కోరే కోపం కాదు. ఆ మాటకు రానురాను పదును తగ్గింది. పదవి దక్కని నాయకుడు కినుక వహించాడని పత్రికలు రాస్తే మనకు మాడిన ముఖమే కనిపిస్తుంది. అలా కినుక వచ్చి అలుక పక్కన కూర్చుంది.

దాని పుట్టుక తెలియాలంటే పొరుగిళ్ళ తలుపు తట్టాలి. కన్నడంలో కినిసు, తమిళంలో చకారంతో రాసి సకారంతో పలికే సినం, మన కినుక ఒకే ధాతువు బిడ్డలు. కన్నడ ‘కివి’ తమిళంలో సెవి, మనకు చెవి. ఆ లెక్కన మనకు ‘చినుక’ రావాలి. కాని ఇక్కడ కకారం మారలేదు. ఈ మాటలో మనం తమిళాన్ని విడిచి కన్నడం పక్కన నిలిచాం. హోసూరులో మూడు భాషలూ వింటూ పెరిగినవారికి ఇది పాఠం చెప్పకుండానే తెలిసే సంగతి.

మూడిళ్ళలోనూ సంస్కృతం నుంచి వచ్చిన కోపమే నడివీధిలో తిరుగుతోంది. సొంత మాట పుస్తకాల్లోకి చేరింది. అయితే తిరుక్కురళ్ 31వ అధికారం కోపం మానమని చెబుతూ సినం అనే మాటను వాడింది. కురళ్ బడిలో చదివే పిల్లలకు ఆ మాట కొత్త కాదు. తమిళనాట 2006 చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయ్యాక మన పిల్లలూ ఆ కురళ్ చదువుతున్నారు. వారికి సినం తెలుసు, కినుక తెలియదు.

ఇంట్లో తెలుగు చెప్పే పెద్దలు ఆ సినం దగ్గరే మొదలుపెట్టవచ్చు. కినుక దాని తోబుట్టువని ఒక్కసారి చెబితే చాలు, పిల్లవాడికి అది పరాయి మాట కాదు. రచయితలు చేయవలసింది ఇంకా చిన్న పని: అలిగినవారిని అలగనివ్వాలి, కినిసినవారిని కినియనివ్వాలి.