పారేయని దిష్టి

దిష్టి తీయడానికి మనం వాడేవన్నీ పారేసేవే. ఉప్పు, ఎండుమిరపకాయలు, నిమ్మకాయ, గుమ్మడికాయ. చుట్టూ తిప్పి పొయ్యిలో వేస్తాం, లేదా వీధిలో పగలగొట్టి, వెనక్కి చూడకుండా వచ్చి కాళ్లు కడుక్కుంటాం. పసిపిల్ల బుగ్గ మీద చుక్క పెట్టేదీ అందాన్ని కాస్త చెడగొట్టడానికే. సాయంత్రం లాల పోస్తే అదీ పోతుంది. దాచుకునే దిష్టి వస్తువేదైనా ఉందా అని ఆలోచిస్తే మొలతాటికి కట్టే నల్లపూస తప్ప నాకు మరొకటి తట్టలేదు.

టర్కీలో ఇదే భయం మీద రెండు ఊళ్లు బతుకుతున్నాయి. ఇజ్మీర్ నగరానికి దగ్గర్లో గొరెజే, నజర్‌కొయ్. నీలం గాజు మీద కన్ను దిద్దిన నజర్ పూసలు అక్కడ కొలిమి దగ్గర కూర్చుని చేస్తారు. రెండో ఊరి పాత పేరు కురుదెరె. 2007లో పూస పేరే ఊరికి పెట్టుకున్నారు.

పూసలు గుచ్చడం నాకు చాలాకాలంగా ఉన్న వ్యాపకం. అది తెలిసి ఓ స్నేహితురాలు అటునుంచి వస్తూ ఒక పూస తెచ్చిచ్చింది. రూపాయి బిళ్లకన్నా కాస్త పెద్దది. ముదురు నీలం మీద తెలుపు, తెలుపు మీద లేత నీలం, దాని మీద నల్లటి పాప. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే లోపల ఆవగింజల్లా గాలి బుడగలు. అంచు ఒకవైపు మందం, ఒకవైపు పలుచన. నల్లచుక్క నడిమధ్యలో లేదు, కొంచెం పైకి జరిగింది. దాంతో ఆ కన్ను మన భుజం మీదుగా వెనక ఎవరినో చూస్తున్నట్టుంటుంది.

మా అత్తయ్యకు చూపిస్తే తిప్పి తిప్పి చూసి, "ఇంత ముచ్చటైనదాన్ని మెళ్లో వేసుకుంటే ఉన్న దిష్టి పోవడమేంటే, లేనిది తగులుతుంది" అంది.

ఆవిడ అన్నదాంట్లో మన శాస్త్రమంతా ఉంది. మనవాళ్లు లోపాన్ని ముందుకు పెట్టి చూపును ఆపుతారు. టర్కీవాళ్ల లెక్క వేరు. ఎదుటివాడి చూపు మనిషికన్నా ముందు పూస మీద పడాలి, పూస తిరిగి చూడాలి. అలా పడాలంటే అది అందంగా ఉండి తీరాలి. అందుకే అక్కడ భయంలోంచి ఒక పనితనం పుట్టింది. మన దగ్గర పుట్టలేదు. పూస పగిలితే మాత్రం దిష్టిని తాను తీసుకుని పోయిందనుకుంటారట, ఇంకోటి కొనుక్కుంటారు. ఆ ఒక్క విషయంలో అత్తయ్యకూ వాళ్లకూ పేచీ లేదు.

పనితనం అన్నాను కాబట్టి ఆ పని ఎలా చేస్తారో చెప్పాలి. మట్టితో గుమ్మటంలా కట్టిన కొలిమికి చుట్టూ కంతలుంటాయి. ఒక్కో కంత ముందు ఒక్కో పనివాడు కూర్చుంటాడు. పైన్ కట్టెల మంట, లోపల వేడి వెయ్యి డిగ్రీల దరిదాపుల్లో. ముడిసరుకు చాలావరకు పాత గాజే. ముదురు నీలం కోబాల్ట్ వల్ల, లేత నీలం రాగి వల్ల వస్తాయి. ఒక చేతి కడ్డీకి నీలం గాజును పాకంలా చుట్టుకుని, రెండో చేతి కడ్డీతో తెల్లగాజు బొట్టు తాకిస్తాడు. దాని మీద ఇంకో బొట్టు, ఆపైన పాప. ఇనుప రేకుతో ఒత్తి, కడ్డీ నుంచి రాల్చి, నిదానంగా చల్లారే గూట్లోకి తోసేస్తాడు. గబుక్కున చల్లారితే చిట్లిపోతుంది. ఇదంతా గాజు గట్టిపడేలోపు అయిపోవాలి. బొట్టు ఎంత పడాలో కొలవడానికి చెయ్యి తప్ప మరే సాధనమూ లేదు.

అందుకే రెసిన్ పూసలంటే నాకు ఒళ్లుమంట. ఇప్పుడు ఫ్యాన్సీ షాపుల్లో, ఆన్‌లైన్లో దండలు దండలుగా దొరుకుతున్నాయి. గుండ్రానికి గుండ్రం, నడుమకు నడుమ. చూపు మాత్రం ఉండదు, ఊరికే గుడ్లప్పగించి ఉంటాయి.

కంటి పూస టర్కీ సొత్తేమీ కాదు. చైనాలో క్రీ.పూ. 5వ శతాబ్దపు జెంగ్ ప్రభువు యీ సమాధిలో గాజు కంటి పూసలు దొరికాయి. పడమటి దేశాల నుంచి వచ్చిన ఆ వరసను చూసి చైనావాళ్లు సీసం, బేరియం కలిపిన సొంత గాజుతో తామూ చేసుకున్నారు. ఈజిప్టువాళ్ల హోరస్ కన్ను ఇంకా పాతది. హోరస్ దేవుడి కంటిని సెత్ అనే దేవుడు పాడుచేస్తే, థోత్ దేవుడు బాగుచేశాడని వాళ్ల కథ. కాబట్టి ఆ తాయెత్తు నయమైన కంటికి గుర్తు.

ఈ రెండో రకం కన్ను మనకు కొత్త కాదు. శ్రీకాళహస్తిలో తిన్నడు తన కన్ను పెకలించి శివుడికి పెట్టాడు. కంటిజబ్బు తగ్గితే అమ్మవారికి వెండి కళ్లు మొక్కుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పలుచటి రేకు మీద కనుబొమ, రెప్ప, పాప తేలేలా ఒత్తిన ఆ జత కళ్లను వెండి దుకాణంలో చూడండి, ఎంత బాగుంటాయో! అవి దేవుడికే, మనం పెట్టుకోం. కాళహస్తికి ఎంతో దూరంలో లేని పాపానాయుడుపేటకు గాజుపూసల ఊరని పేరు. కరిగిన గాజును సన్నటి గొట్టంలా లాగి ముక్కలు కోసే పద్ధతి వాళ్లది. కానీ వాళ్లకు పేరు తెచ్చింది ఒంటిరంగు చిన్న పూస. కన్ను దాకా పోలేదు.

ఇక ఇంగ్లండులో కంటి నగకు దిష్టితో సంబంధమే లేదు. 1785 ప్రాంతంలో యువరాజు జార్జ్, మరియా ఫిట్జ్‌హెర్బర్ట్ అనే వితంతువు మీద మనసు పడ్డాడు. ఆమె కేథలిక్, పెళ్లికి చట్టం ఒప్పుకోదు. ఆయన తన కన్ను ఒక్కటే బొమ్మ గీయించి ఆమెకు పంపాడు. 1785 డిసెంబరులో రహస్యంగా పెళ్లయింది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు అదో మోజు. దంతపు పలక మీద నీటిరంగులతో గోరంత కన్ను, చుట్టూ ముత్యాలు, పైన అద్దం. పోయినవాళ్ల జ్ఞాపకంగానూ చేయించుకునేవారు. ఎవరి కన్నో పెట్టుకున్న మనిషికి తెలిస్తే చాలు. చూపును తిప్పికొట్టడానికి కాదు, ఒకరి చూపును దగ్గర ఉంచుకోవడానికి చేసిన నగ ఇది. నన్నడిగితే అన్నిట్లోకీ ఇదే గడుసుది.

నా పూస మాత్రం నల్లపూసల దండలో చేరింది. అది చూసి కొందరు తమవీ గుచ్చిపెట్టమని తెస్తున్నారు. గాజువైతే సంతోషంగా తీసుకుంటాను. రెసిన్‌వి తెచ్చినవాళ్లకు సూదీ దారం ఇచ్చి గుచ్చుకోమంటున్నాను.