రాజేంద్రనగర్ మడుల పనితనం

శంషాబాద్‌లో విమానం అందుకోవాలని మెహదీపట్నంలో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కినవాళ్లు పదకొండున్నర కిలోమీటర్లు పైపైనే సాగిపోయి ఆరాంఘర్ దగ్గర నేలకు దిగుతారు. ఆ దారికి కాస్త ఎడంగా, రాజేంద్రనగర్‌లో, ప్రొఫెసర్ జయశంకర్ పేరు పెట్టుకున్న వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీని చూసినట్టు తలెత్తి చూడాల్సిన కట్టడాలు ఇక్కడ లేవు. తరగతి గదులు, హాస్టళ్లు, గ్రంథాలయం ఉన్నాయి. ప్రభుత్వ కట్టడాలు ఎలా ఉంటాయో అలాగే ఉన్నాయి. ఇక్కడి పనితనం చూడాలంటే తల దించాలి. అది గట్ల మీద, నీటి కాలువల్లో, వరి గొలుసులకు తొడిగిన కాగితపు సంచుల్లో ఉంది.

1964 జూన్ 12న ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. మరుసటి ఏడు మార్చి 20న ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి దాన్ని ప్రారంభించారు. దేశం తిండిగింజలకు విదేశీ ఓడల కోసం ఎదురుచూస్తున్న రోజులవి. అమెరికాలోని కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ తొలినాళ్లలో తోడు నిలిచింది. పాఠం, పరిశోధన, రైతుకు చేరవేయడం మూడూ ఒకే సంస్థ చేయాలన్న పద్ధతి అక్కడిదే. 1996లో ఎన్.జి. రంగా పేరు, రాష్ట్రం విడిపోయాక జయశంకర్ పేరు వచ్చాయి. మడులు మాత్రం ఏటా దమ్ము చేయించుకుంటూనే ఉన్నాయి.

ప్రయోగపు మడి దూరానికి మామూలు వరి మడే. గట్టు దగ్గరికి వెళ్తే తేడా తెలుస్తుంది. ఒక మడికి నత్రజని అసలు వేయరు, దాని పక్క మడికి హెక్టారుకు 120 కిలోలు వేస్తారు అనుకోండి. ఈ మడి నీళ్లు ఆ మడిలోకి ఊరితే మూడేళ్ల పరిశోధన బురదపాలు. అందుకని ప్రతి మడికీ దాని గట్టు దానిదే, నీళ్లు వచ్చే కాలువ దానిదే. రైతు పొలంలో ఒక మడి నిండి పక్క మడిలోకి పొర్లితే అది పొదుపు, ఇక్కడ తప్పు. ఏ మోతాదు ఏ మడికి పోవాలన్నది పరిశోధకుడి ఇష్టం కాదు, చీటీ తీసినట్టు తేలుస్తారు. ఒక్కో మోతాదును కనీసం మూడు చోట్ల వేస్తారు. నేల ఎక్కడా ఒకే తీరుగా ఉండదు కాబట్టి, మంచి చెక్క దొరికిన మోతాదే గొప్పదని మోసపోకుండా ఈ కట్టడి. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ పొలాల లెక్కలు చూస్తూ 1920లలో గణాంక శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్ రూపు దిద్దిన పద్ధతి ఇది. ఈరోజు కొత్త మందుల పరీక్షలు కూడా ఇదే సూత్రం మీద నడుస్తాయి. ఆసుపత్రి కంటే ముందు దాన్ని నేర్చుకున్నది పొలం.

నాకు అన్నిటికంటే నచ్చేది కోత నాటి నియమం. మడి అంచు వరసల్లోని మొక్కలకు వెలుతురు ఎక్కువ, పోటీ తక్కువ. అవి ఏపుగా పెరుగుతాయి, గింజ బరువుగా ఉంటుంది. సరిగ్గా అందుకే వాటిని లెక్కలోకి తీసుకోరు. ముందు అంచు వరసలు కోసి పక్కన పెడతారు, లోపలి పంటనే తూస్తారు. కళ్లకు నిండుగా కనిపించేదాన్ని తీసేసి తూకం వేసే శాస్త్రం పట్ల నాకు గౌరవం. ఈ గౌరవంలో పెద్ద వాటా నాట్లు వేసే ఆడవాళ్లకు దక్కాలి. తాడు పట్టుకుని 20 సెంటీమీటర్లకు వరస, 15 సెంటీమీటర్లకు మొక్క చొప్పున వంగిన నడుము ఎత్తకుండా వాళ్లు నాటకపోతే ఫిషర్ లెక్కకు ఆధారమే లేదు. పరిశోధన పత్రాల మీద వాళ్ల పేర్లు ఉండవు.

పొలం చెప్పేది నమ్మాలంటే ఆకాశం చెప్పేది కూడా రాసుకోవాలి. ఆ పని వాతావరణ కేంద్రానిది. తెల్లరంగు వేసిన, అరలరలుగా గాలి ఆడే కొయ్యపెట్టెలో నాలుగు థర్మామీటర్లు. పెట్టె తలుపు ఉత్తరానికే తెరుచుకుంటుంది, చదివేటప్పుడు ఎండ పాదరసం మీద పడకుండా. ఒక థర్మామీటర్ బుడ్డికి తడి మల్లు గుడ్డ చుట్టి ఉంటుంది, గాలిలో తేమ లెక్క దానితోనే. పక్కన 1.22 మీటర్ల వెడల్పు నీళ్ల తొట్టి, రోజుకు ఎన్ని మిల్లీమీటర్లు ఆవిరైందో కొలవడానికి. పిట్టలు తాగితే లెక్క తప్పుతుందని పైన వల. వ్యవసాయ వాతావరణ కొలతలు పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం రెండింటికి తీస్తారు, అదీ స్థానిక సూర్యుడి కాలం ప్రకారం. రాజేంద్రనగర్ రేఖాంశం 78 డిగ్రీల 23 నిమిషాలు. అంటే మన చేతి గడియారంలో 7 గంటల 16 నిమిషాలైతే అక్కడ ఏడు. దేశమంతటికీ ఒకటే గడియారం పెట్టుకున్నాం గానీ మొక్కకు తన సూర్యుడే లెక్క.

ఇక సంకరం. వరి పువ్వు తన పుప్పొడితో తానే ఫలదీకరణ చేసుకుంటుంది, అదీ విచ్చుకున్న కొద్దిసేపట్లో. దాన్ని వేరే రకంతో కలపాలంటే ముందు దాని సొంత కేసరాలు తీసేయాలి. సాయంత్రం పూట, మర్నాడు విచ్చుకునే పువ్వుల్ని గొలుసు మీద గుర్తుపట్టి, ఇప్పటికే విచ్చినవాటినీ లేతవాటినీ కత్తిరించేస్తారు. మిగిలిన ఒక్కో పువ్వు కొసను కత్తెరతో తెగ్గోసి, సన్నటి పట్టకారుతో ఆరు కేసరాలు లాగేస్తారు. ఒక్కటి లోపల చితికినా ఆ పువ్వు పనికిరాదు. కీలాగ్రాన్ని తాకకూడదు. తర్వాత బటర్ పేపర్ సంచి తొడిగి, తల్లి పేరు, తండ్రి పేరు, తేదీ రాసిన చీటీ కడతారు. మర్నాడు పది పదకొండు గంటల వేళ తండ్రి గొలుసు తెచ్చి పైన దులుపుతారు. పుప్పొడికి బతికే గడువు కొద్ది నిమిషాలే. అన్నీ కుదిరితే నెల తిరిగేసరికి గింజలు. కొస తెగిన పొట్టులోంచి బియ్యపుగింజ బయటికి తొంగిచూస్తుంటుంది, అది సంకరపు గింజ అనడానికి ఆనవాలు అదే. అక్కణ్నుంచి తరం తరం విత్తుతూ, ఏరుతూ పోవాలి. రకం నిలకడగా రావడానికి ఎనిమిదేళ్లో పదేళ్లో పడుతుంది. పట్టకారు పట్టిన పీజీ విద్యార్థి తన గింజ రైతు చేతికి చేరేనాటికి ఎక్కడో ఉద్యోగంలో ఉంటాడు.

తెలంగాణ సోనా అలా వచ్చిందే. దాని అసలు పేరు ఆర్ఎన్ఆర్ 15048. ఆర్ఎన్ఆర్ అంటే రాజేంద్రనగరే. మారుటేరు రకం ఎంటీయూ 1010, జగిత్యాల రకం జేజీఎల్ 3855 దాని తల్లిదండ్రులు. 2015లో విడుదలైంది. సన్న గింజ, 125 రోజుల పంట. సాంబ మసూరికి నూట యాభై రోజుల దాకా పడుతుంది, పైగా అగ్గి తెగులుకు త్వరగా లొంగుతుంది. సోనా ఆ తెగులును తట్టుకుంటుంది, ఆలస్యంగా నాటినా ఫర్వాలేదు, చివరి తడులు మిగులుతాయి. గ్లైసీమిక్ సూచి 51, 52 మధ్య ఉండటం వల్ల షుగర్ ఉన్నవాళ్లు దీన్ని అడిగి కొంటున్నారు. కిరాణా కొట్టు సంచి మీద పేరు తప్ప కొనేవాడికి రాజేంద్రనగర్ కనిపించదు.

డిగ్రీ పిల్లలకు కూడా పొలం తప్పదు. బీఎస్సీ అగ్రికల్చర్ పాఠ్యక్రమంలో పంట పండించడమే ఒక సబ్జెక్టు. ఎనిమిది పది మంది జట్టుగా విత్తన శుద్ధి నుంచి నూర్పిడి దాకా చేసి, చివరికి ఖర్చూ రాబడీ చూపే జమాఖర్చుల పట్టీ ఇవ్వాలి. మార్కులు దానికీ ఉంటాయి. రైతు బిడ్డలకు ఇది కొత్త కాదు. పట్నం నుంచి ప్రవేశ పరీక్ష రాసి వచ్చినవాళ్లకు మాత్రం కూలీ ఖర్చుల వరస మొదటిసారి ఎదురయ్యేది ఇక్కడే. ఆఖరి ఏడాది ఊళ్లో ఉండి రైతు దగ్గర నేర్చుకునే కార్యక్రమం దీనికి కొనసాగింపు.

2024 మార్చి 27న ఈ విశ్వవిద్యాలయ భూముల్లోని 100 ఎకరాల్లో కొత్త హైకోర్టుకు పునాదిరాయి పడింది. విద్యార్థులు అంతకుముందే ఆందోళనకు దిగారు. హైకోర్టుకు మంచి భవనం కావాలి, కాదనను. కానీ విశ్వవిద్యాలయపు భూమిని ఖాళీ స్థలంగా చూసే అలవాటు మనకు బాగా ఎక్కువైంది. తరగతి గది పోతే ఏడాదిలో మరొకటి కట్టుకోవచ్చు. ప్రయోగపు నేల అలా రాదు. కొత్త చెక్క తీసుకుంటే ముందు మొత్తం ఒకే రకం విత్తి, ఒకే ఎరువు వేసి, కోతప్పుడు చిన్న చిన్న గళ్లుగా విడదీసి తూయాలి. ఏ గడిలో సారం ఎక్కువో ఎక్కడ తక్కువో పటం గీయాలి. పాత ఎరువుల జాడ పోయేదాకా అలా మళ్లీ మళ్లీ విత్తాలి. ఆ తర్వాతే మొదటి గట్టు వేసేది.