వైరసు సోకని కంప్యూటరు కలదా?

“మాకింటాష్‌కు వైరసు సోకదు, ఆ బెడద విండోస్‌దే” అనునది తరచుగా వినబడు మాట. విండోస్ వాడువారు చాల హెచ్చు గనుక దుండగులకు దానిపైననే గురి యెక్కువ. కాని అరుదుగా సోకుట వేరు, సోకకుండుట వేరు.

తొలి వైరసులలో నొకటియగు ‘ఎల్క్ క్లోనర్’ 1982లో పుట్టినది ఆపిల్ 2 యంత్రముపైననే. దానిని వ్రాసిన రిచ్ స్క్రెంటా అప్పటికి హైస్కూలు విద్యార్థి! అది ఫ్లాపీనుండి ఫ్లాపీకి ప్రాకి, ఏబదవ మారు యంత్రమును నడిపినపుడు తెరపై ఒక గేయమును చూపెడిది.

2012 నాటి ‘ఫ్లాష్‌బ్యాక్’ అట్టి వినోదము కాదు. (పరిభాషలో ఇది వైరసు గాక ట్రోజను, వాడుకరికి ఆ భేదముతో ఊరట లేదు.) జావాలోని లోపముగుండా దూరి సుమారు 6 లక్షల మాకింటాష్‌లను పట్టెను. ఒరాకిల్ సంస్థ ఫిబ్రవరిలోనే సవరణను వెలువరించినను, మాకింటాష్‌లకు దానిని అందింపవలసిన ఆపిల్ ఏప్రిల్ దాక అందింపలేదు. ఆ యేడే ఆపిల్ తన వెబ్‌సైటులో, మాక్‌కు పి.సి. వైరసులు సోకవను వాక్యమును మార్చివేసెను.

విండోస్ పక్షమువారు ఇందుకు సంతోషింప నక్కరలేదు. 2017 మే నెలలో ‘వనాక్రై’ ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవారి కంప్యూటర్లను కొన్నిటిని సైతము పట్టెను. మైక్రోసాఫ్ట్ సవరణను మార్చిలోనే ఇచ్చియుండెను; అది పడని యంత్రములే చిక్కినవి. అక్కడ ఆలస్యము అమ్మినవారిది, ఇక్కడ చాలవరకు వాడువారిది.