అటక దిగి రండి

రండమ్మా, అటక దిగి రండి! అమ్మమ్మగారివంటూ, నాయనమ్మగారివంటూ మిమ్మల్ని గోనెసంచుల్లో మూటకట్టి ముట్టుకోకుండా ఉంచాం. ఆ మర్యాద ఇక చాలు.

1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యేనాటికి మాదాపూర్ చుట్టూ రాళ్ళగుట్టలు. గుట్టలు కరిగి కొండాపూర్, గచ్చిబౌలి నిండా అంతస్తులు లేచాయి. గోదావరి గట్ల నుంచి, పాలమూరు చేల నుంచి లాప్‌టాప్ సంచీతో వచ్చినవాళ్ళ వెనకే, ఊళ్ళో ఇల్లమ్మిన ఏడాది, మీరూ వచ్చారు. ఇక్కడ అడుగడుగుకీ అద్దె. పని చేసినవాళ్ళకే చోటు.

రాచ్చిప్పా, నీకు తొలి దండం. ఎంత చింతపండు పిసికినా నీ రాయి చెక్కుచెదరదు. పొయ్యి కట్టేశాక కూడా నీలో ముక్కల పులుసు కుతకుతమంటూనే ఉంటుంది. ఇండక్షన్ పొయ్యి నిన్ను గుర్తుపట్టదు. పోనీ, సన్నటి గ్యాసు మంట చాలదూ నీకు!

ఇత్తడి గుండిగా, నీ లోపలి కళాయి పోయింది. కళాయి లేని ఇత్తడికి పులుపు తగిలితే కిలుమే, ఆ వంట ఒంటికి చేటు. గిన్నె కాల్చి, నవసాగరం చల్లి, తగరం కరిగించి దూదితో గిర్రున తుడిచే ఆ మనిషి గేటెడ్ కమ్యూనిటీలో కేక వేయడు. మనమే వెతుక్కుంటూ పోవాలి. పోతాను. ఆ తెల్లటి మెరుపు మళ్ళీ వచ్చాక ఆదివారం పులిహోర నీలోనే.

కంచు గ్లాసూ, రాగీ తగరమూ కలిసి పుట్టినదానివి, కిందపడితే పగులుతావని నిన్ను పిల్లలకివ్వలేదు. ఇవాళ మజ్జిగ నీలోనే. పగిలితే పగులు.

ఒంటికి నూలు, అంచుకు పట్టు తొడుక్కున్న గద్వాల చీరా, మడతల మధ్యే చిరిగిపోతావెందుకు? శుక్రవారం ఆఫీసుకి పద. ట్రంకుపెట్టెకూ పని దొరికింది, దాని మీద వైఫై డబ్బా ఎప్పుడో కూర్చుంది.

గంగాళంలో నీళ్ళు పోసి హాల్లో చామంతులు తేల్చే షోకు నాకంతగా రుచించదు, అయినా అటక కన్నా నయమే. మీ ఇంటి అటక మీద ఏభైమందికి వండే గుండిగ ఉంటే, నలుగురున్న ఇంట్లో అదేం చేస్తుంది? ఊరి గుడికిచ్చేయండి, ప్రసాదం వండుకుంటారు. పాత సామాన్ల బండికి మాత్రం వేయకండి. తూకంలో ఇత్తడికే వెల కడతారు, సుత్తిదెబ్బల పనితనానికి పైసా రాదు.