సంజె కదలని లోకం

దీపం తగ్గించి, తలగడ సర్దుకుని కళ్లు మూసుకోండి. కుంభరాశి దిక్కున, 40 కాంతి సంవత్సరాల అవతల, ఒక సాయంత్రం మన కోసం విచ్చుకుని ఉంది. ఆ లోకం పేరు ట్రాపిస్ట్-1ఇ. అక్కడి నక్షత్రం బరువులో మన సూర్యుడిలో పదో వంతైనా లేని ఎర్ర మరుగుజ్జు. అయితేనేం, ఎంత చేరువ, ఎంత చనువు! గ్రహం ఆరు రోజులకే దాన్ని చుట్టి వస్తుంది. అందుకే ఆ అరుణబింబం మన సూర్యబింబానికి నాలుగింతల వెడల్పున, నివురు చాటు నిప్పులా, నిండుగా, నిదానంగా వెలుగుతుంటుంది. కళ్లు చెదరగొట్టదు. దాని కాంతిలో ఎక్కువ పాలు కంటికందని పరారుణమే; చూపుకన్నా ముందు చర్మానికే తెలిసే వెలుగు అది.

ఆ గ్రహం ఎప్పుడూ ఒకే ముఖాన్ని నక్షత్రానికి చూపుతుందని శాస్త్రజ్ఞుల లెక్క. అంటే ఒకవైపు తరగని పగలు, మరోవైపు తెల్లవారని రాత్రి. మనం ఆ రెండూ కలిసే అంచున ఆగుదాం. ఇక్కడ పొద్దు వాలదు, పొడవదు; దిగంతం మీద చెయ్యి ఆనించి నిలబడిపోయింది. ఇదిగో, కాలి దగ్గర ఈ గులకరాయి చూడండి. దాని నీడ ఎంత పొడవు, ఎంత నిశ్చలం! ఆ నీడ కింద నేల ఏనాడూ వెలుగెరగదు. రాతికి ఇటువైపు చెక్కిలి ఏనాడూ చీకటెరగదు. సంజెవేళ రాగమైన పూర్వీకల్యాణి ఎత్తుకున్న గాయకుడికి ఇక మరో రాగం వంక చూసే అవసరమే రాని లోకం!

ఇప్పుడు వెనుదిరగండి. సుమారు 18 రోజులకోసారి, సరిగ్గా ఎదుటి దిగంతాన, పక్క కక్ష్యలోని ఎఫ్ గ్రహం మన చందమామంత బింబమై, నిండుగా, రాగిఛాయలో నిలుస్తుంది. ఇటు అస్తమించని పొద్దు, అటు ఎర్రని పున్నమి, నడుమ మనం! ఆ ఒక్క దృశ్యం కోసం ఎంత దూరమైనా రావచ్చు.

మొత్తం ఏడు గ్రహాల కుటుంబమని 2017లో తేలింది. అన్నిటికన్నా వెలుపలిది రెండు చుట్లు తిరిగేసరికి, లోపలికి వచ్చేకొద్దీ తక్కినవి 3, 4, 6, 9, 15, 24 చుట్లు ముగిస్తాయి. తాళం తెలిసిన చెవికి ఈ అంకెలే విందు! ఆ ఏడాదే టొరంటోలో ఖగోళ శాస్త్రజ్ఞుడు మాట్ రూసో, ఆయన మిత్రులు ఈ పరిభ్రమణాన్ని స్వరాలుగా మలిచారు: ఒక్కో చుట్టుకు ఒక్కో స్వరం, గ్రహం గ్రహాన్ని దాటినప్పుడల్లా ఒక దరువు. దాన్ని సన్నగా పెట్టుకుని ఇ, ఎఫ్ స్వరాలనే పట్టుకుని వినండి. అటు రెండు పడేలోపు ఇటు మూడు పడతాయి. మళ్లీ రెండూ ఒకచోట కలుస్తాయి.